సీటు దిగినంక ఎమ్మెల్యే ఏమైతడు?

(పోచంపల్లిలో ఆదివాసీ యువతీ యువకుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుగాల మీరంతా వినోబా మందిరం చూసొచ్చిన్రు. 1951 ఏప్రిల్ 18న ఈ ఊర్లో ఏం జరిగిందో అక్కడ చదివిన్రు. వినోబా భావే నడుచుకుంటూ వచ్చిండు. ఊరి దళితులు ఆయన ముందు నిలబడి భూమి కావాలన్నరు. ఎంత కావాలని అడిగితే లెక్క చెప్పిన్రు: నలభై కుటుంబాలం, ఎనభై ఎకరాలు, నలభై తరి, నలభై ఖుష్కి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నడు. భూదానోద్యమం అట్ల మొదలైంది.

దానం గొప్పదా, హక్కు గొప్పదా అనే చర్చ ఇంకో పూట పెట్టుకుందాం. ఈ పూట ఒక్క విషయం పట్టుకోండి. ఆ రోజు అడిగిన మాట అందరి ముందర అడిగిన మాట. ఎవరు అడిగిన్రో, ఎవరిని అడిగిన్రో, ఎంత అడిగిన్రో ఊరంతా చూసింది. ప్రభుత్వంతో పని చేయించుకోవడానికి ఇదొక పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉన్నది. తలుపు మూసి, చెవిలో చెప్పి చేయించుకునేది. దాన్ని మన దిక్కు పైరవీ అంటరు. ఇంగ్లీషులో లాబీయింగ్. లాబీ అంటే చట్టసభ బయటి వసారా. సభ్యుడు లోపలికి పోతుంటే అక్కడ ఆపి చెవిలో మాట వేసేవాళ్ల పనికి ఆ పేరొచ్చింది.

పేరు చెడ్డదయింది గని, పని అంతా చెడ్డది కాదు. చట్టం చేసేవాడికి మన గోడు చెప్పుకోవడం తప్పెట్లయితది? ఎవరి పక్షాన చెప్తున్నమో దాస్తేనే తప్పు. ఇదే ఇయ్యాల నా మాట.

ఇగ అసలు ప్రశ్న. ఎమ్మెల్యే సీటు దిగినంక ఏమైతడు? కొందరు మళ్లీ టికెట్ కోసం తిరుగుతరు. కొందరు కాంట్రాక్టులు, భూముల దందాలోకి పోతరు. కొద్దిమంది మాత్రం పత్రికల్లో వ్యాసాలు రాస్తూ, ప్రభుత్వాలకు సలహాలు చెప్తూ, చట్టాలు మార్పించే పనిలో ఉంటరు. కుర్చీ పోయినా సర్కారు ఎట్ల నడుస్తదో తెలిసిన తెలివి వాళ్ల దగ్గర మిగిలి ఉంటది. ఫైలు ఏ బల్ల మీద ఆగుతదో, ఏ అధికారికి ఏ సెక్షన్ చెప్తే కదులుతదో వాళ్లకు తెలుసు. ఆ తెలివిని ఎవరి కోసం ఖర్చు పెడుతున్నరు? ఆ మనిషిని కొలవాలంటే అదే కొలత.

ఈ కోవలో తెలుగు నేల మీద అందరికీ తెలిసిన ఉదాహరణ డాక్టర్ జయప్రకాశ్ నారాయణ్. లోక్‌సత్తా జేపీ అంటే మీ ఇంట్లో పెద్దోళ్లు గుర్తుపడతరు. ఆయన మన ఉద్యమం మనిషి కాదు. తెలంగాణ పోరాట కాలంలో ఆయన వైఖరి ఈ ప్రాంతంలో చాలామందికి నచ్చలేదు. ఆర్థిక విధానాల మీద ఆయన చెప్పేవాటిలో మనకు పడనివి ఎన్నో ఉన్నయి. అయినా ఆయన గురించి ఎందుకు చెప్తున్నానంటె, మనం ఒప్పుకోని మనిషి దగ్గర కూడా పని చేసే పద్ధతి నేర్చుకోవచ్చు.

ఆయన వైద్యం చదివి, 1980లో ఐఏఎస్‌లోకి వచ్చారు. జిల్లా కలెక్టరుగా చేశారు. 1996లో ఉద్యోగానికి రాజీనామా చేసి ఫౌండేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థను, లోక్‌సత్తా ఉద్యమాన్ని నడిపించారు. 2006 అక్టోబర్ 2న లోక్‌సత్తాను పార్టీగా మార్చారు. 2009లో కూకట్‌పల్లి నుంచి గెలిచారు. 294 మంది ఉన్న సభలో ఆ పార్టీ నుంచి ఆయన ఒక్కడే. 2014లో మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. ఆ తర్వాత తెలుగు, ఇంగ్లీషు పత్రికల్లో వ్యాసాలు, టీవీ చర్చలు, తన సంస్థ తరఫున ప్రభుత్వాలకు ప్రతిపాదనలు, ఇదే ఆయన పని.

ఇప్పుడు లెక్క చూడండి. ఆయన సభలో కూర్చున్నది ఐదేండ్లు. కానీ దేశ రాజకీయం మీద ఆయన సంస్థ వేసిన పెద్ద ముద్ర ఆ ఐదేండ్లలోది కాదు, అంతకు ముందుది.

ఇయ్యాల ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థీ తన మీదున్న క్రిమినల్ కేసులు, తన ఆస్తులు, అప్పులు, చదువు అఫిడవిట్‌లో రాసియ్యాలె. మీ నియోజకవర్గం అభ్యర్థి అఫిడవిట్ మీరు ఫోన్‌లో చూస్తున్నరు. ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1999 ఎన్నికలప్పుడు లోక్‌సత్తా వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితాను బయట పెట్టిన్రు. అటు ఢిల్లీలో అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అనే మరో సంస్థ కోర్టుకు పోయింది. 2002 మే 2న సుప్రీంకోర్టు, అభ్యర్థి గురించి తెలుసుకోవడం ఓటరు హక్కని చెప్పింది. అప్పుడు పార్టీలన్నీ ఒక్కటై చట్టాన్నే మార్చినయి. కోర్టు అడిగిన వివరాలన్నీ ఇయ్యనక్కర్లేదని 33-బి అనే సెక్షన్ తెచ్చినయి. దాని మీద మళ్లీ కేసు పడ్డది. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్, ఏడీఆర్, లోక్‌సత్తా ముగ్గురూ పిటిషన్లు వేసిన్రు. 2003 మార్చి 13న కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

ఇందులో వరుస గమనించండి. ముందు సమాచారం సేకరించిన్రు. దాన్ని పేపర్లో పెట్టిన్రు. జనం మాట్లాడుకునేటట్లు చేసిన్రు. తర్వాత కోర్టుకు పోయిన్రు. సర్కారు దారి మూస్తే మళ్లీ పోయిన్రు. అప్పటికి లోక్‌సత్తాకు ఒక్క ఎమ్మెల్యే లేడు, అసలు అది పార్టీయే కాదు.

2004లో కేంద్రంలో ప్రభుత్వం మారినంక జాతీయ సలహా మండలి ఏర్పడింది. అందులో జేపీ ఒక సభ్యుడు. అరుణా రాయ్, జీన్ డ్రెజ్ లాంటి వాళ్లూ ఉన్నరు. సమాచార హక్కు చట్టం, ఉపాధి హామీ చట్టం రెండూ 2005లోనే వచ్చినయి. మన ఊళ్లలో కూలి డబ్బులకూ, మనం పెట్టే సమాచార హక్కు దరఖాస్తుకూ మూలం ఆ గదుల్లో జరిగిన చర్చల్లో కూడా ఉన్నది. ఆ మండలి సభ్యులను ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. మరి అది ప్రజాస్వామ్యమేనా అని ఎవరన్నా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అడగాలె కూడా. ఇయ్యాల మనకు పనికొచ్చే చట్టం రాసిన గదిలోనే, రేపు మన అడవిని కంపెనీకి రాసిచ్చే కాయితం కూడా తయారు కావచ్చు.

అందుకే మనకు ఇంకో పాఠం కావాలె, అది మన సొంత పాఠం. అటవీ హక్కుల చట్టం ఎట్లొచ్చింది? 2002 మేలో కేంద్ర అటవీ శాఖ ఆక్రమణలు ఖాళీ చేయించాలని ఆదేశం ఇచ్చింది. దేశమంతటా ఆదివాసులను అడవి నుంచి వెళ్లగొట్టిన్రు, గుడిసెలు కూల్చిన్రు. దాని మీద జనం లేచిన్రు. ఆ ఒత్తిడికి 2005 డిసెంబర్ 13న బిల్లు పార్లమెంటుకు వచ్చింది. కానీ ఆ బిల్లులో ఏమున్నది? 1980 అక్టోబర్ 25కు ముందు నుంచి సాగు చేసుకుంటున్నోళ్లకే హక్కు. ఆ తేదీ అట్లనే ఉండి ఉంటే మీలో ఎంతమంది ఇండ్లకు పోడు పట్టా వచ్చేది? తాత కొట్టిన పోడుకు రావచ్చు, నాయన కొట్టినదానికి రాదు.

బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పోయింది. దానికి అధ్యక్షుడు అప్పటి విజయనగరం జిల్లా కురుపాం నుంచి వచ్చిన గిరిజన ఎంపీ వి. కిశోర్ చంద్ర దేవ్. ఊళ్ల నుంచి సంఘాలు కమిటీకి అర్జీలు పెట్టినయి, సాక్ష్యాలు ఇచ్చినయి. కమిటీ ఆ తేదీని 1980 నుంచి 2005 డిసెంబర్ 13కు జరపాలన్నది. చట్టంలో అదే ఉన్నది. ఒక్క తేదీ, పాతికేండ్ల పోడు. రోడ్డు మీద జనం లేకపోతే బిల్లే రాకపోయేది. కమిటీ గదిలో కాయితం పట్టుకొని వాదించేవాళ్లు లేకపోతే తేదీ మారకపోయేది. రెండూ కావాలె. ఒకటి చేసేటోళ్లు ఇంకొకరిని తక్కువ చేసి మాట్లాడొద్దు.

మళ్లీ జేపీ దగ్గరికి వస్తాను. ఆయన వ్యాసాల్లో ముఖ్యంగా ఉండేది స్థానిక ప్రభుత్వాలకు అధికారాలు, ఎన్నికల పద్ధతి, పోలీసు, న్యాయ సంస్కరణలు, విద్య, వైద్యం. ఐదో షెడ్యూలు, 1/70, పోడు ఆయన ప్రధాన విషయాలు కావు. అది ఆయన తప్పని నేననను. ఆయన తను నమ్మిన విషయాన్ని, తన పేరు మీద, అందరికీ కనబడేటట్లు ముప్పై ఏండ్లుగా చెప్తున్నడు. మన విషయం మన పేరు మీద, అట్ల విడువకుండ రాసేటోడు ఎవడు? మన సీట్ల నుంచి గెలిచి దిగిపోయిన మాజీల్లో ఎంతమంది రాస్తున్నరు? మీరే చెప్పండి.

ఇక్కడ కూసున్నప్పుడు కొండా లక్ష్మణ్ బాపూజీని తలుచుకోకుండ పోలేను. పుట్టింది వాంకిడిలో, మన ఆదివాసీ జిల్లాలో. 1952లో ఆసిఫాబాద్ నుంచి ఎమ్మెల్యే అయిండు. తర్వాత ఈ భువనగిరి నుంచి కూడా గెలిచిండు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేసిండు. పదవి ఉన్నా లేకున్నా చేనేత సహకార సంఘాల పని విడువలేదు. ఈ ఊరి మగ్గాలకు సర్కారు దగ్గర మాట్లాడే గొంతు ఒకటి ఉండె. ఆ గొంతు ఎవరి పక్షమో ఎవరికీ అనుమానం లేకుండె. సీటు దిగినంక కూడా ప్రతినిధిగా ఉండడమంటే అది.

ఇగ చీకటి దిక్కు చూద్దాం. అమెరికాలో పైరవీ చేసే సంస్థలు పేరు నమోదు చేసుకోవాలని, ఎవరి కోసం ఎంత తీసుకున్నరో చెప్పాలని 1995లో చట్టం తెచ్చిన్రు. సభ నుంచి దిగిపోయిన ప్రతినిధి ఏడాది దాకా, సెనేటర్ రెండేండ్ల దాకా పాత సభలో లాబీయింగ్ చేయొద్దని నియమం ఉన్నది. దానితో అక్కడ పైరవీ ఆగలేదు. కానీ లెక్క బయట పడుతది. 2012 డిసెంబర్‌లో వాల్‌మార్ట్ కంపెనీ మన దేశం మార్కెట్ విషయంలో కూడా అక్కడ లాబీయింగ్‌కు డబ్బు పెట్టిన సంగతి ఆ కాయితాల వల్లనే తెలిసింది. మన పార్లమెంటులో గొడవైంది. అంటే మన దేశం ముచ్చట మనకు వాళ్ల రికార్డు చూస్తే తెలిసింది.

మన దగ్గర అట్లాంటి చట్టమే లేదు. ఐఏఎస్ అధికారి రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే సర్కారు అనుమతి కావాలె. ఎమ్మెల్యేకు ఆ నియమం కూడా లేదు. నిన్న గనుల మీద సభలో మాట్లాడినోడు రేపు గనుల కంపెనీకి సలహాదారు కావచ్చు. ఎల్లుండి పేపర్లో అభివృద్ధి మీద వ్యాసం రాయొచ్చు. వ్యాసం కింద మాజీ శాసనసభ్యుడు అని మాత్రమే ఉంటది.

కాబట్టి ఏ మాజీ నాయకుడి వ్యాసం చదివినా మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఇది అమలైతే లాభం ఎవరికి, నష్టం ఎవరికి? రెండు, ఈ విషయంలో తనకున్న సంబంధం ఏమిటో రాసినోడు చెప్పిండా? మూడు, అడవి గురించి రాస్తే అందులో గ్రామసభ మాట ఉన్నదా, లేక మన పక్షాన ఆయనే మాట్లాడేసిండా? ఈ మూడూ నాకూ వర్తిస్తయి. ఇక్కడ మాట్లాడినందుకు నాకు ఎవరూ పైసలు ఇయ్యలేదు. బస్సు చార్జీ మాత్రం మీ సంఘం ఇచ్చింది.

ఇప్పుడు మన లెక్కకొద్దాం. తెలంగాణ సభలో 119 సీట్లుంటే ఎస్టీ రిజర్వుడు 12. ఐదో షెడ్యూలు కింద గిరిజన సలహా మండలి ఉండాలె. అందులో గరిష్ఠంగా ఇరవై మంది, నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే. షెడ్యూల్డ్ ప్రాంతానికి ఒక చట్టం వర్తించదని గవర్నర్ ప్రకటించవచ్చు. సలహా మండలిని సంప్రదించి ప్రత్యేక రెగ్యులేషన్ చేయవచ్చు, దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలె. 1/70 అట్ల వచ్చిన రెగ్యులేషనే. ఇంత అధికారం రాజ్యాంగంలో రాసి ఉన్నది. దాన్ని అడిగి వాడించేటోళ్లే తక్కువ.

జీవో 3 గుర్తున్నదా? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ ఉద్యోగాలు వందకు వంద స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న వచ్చిన జీవో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అందరూ కరోనా లాక్‌డౌన్‌లో ఇండ్లలో ఉన్న రోజులు. మీలో డీఎడ్, బీఎడ్ చదివినోళ్ల బతుకు మీద పడ్డ దెబ్బ అది. కేసు ఏండ్ల తరబడి నడుస్తుంటే, ఆ జీవో ఎందుకు అవసరమో అంకెలతో, బడుల లెక్కతో పేపర్లలో ఎన్ని వ్యాసాలు రాసినం? తీర్పు వచ్చినంక ధర్నా చేసినం. తీర్పుకు ముందు చేయాల్సిన పని తక్కువ చేసినం. ఈ మాట నన్ను నేను కూడా అనుకుంటున్న.

మన పక్క నల్లమలనే తీసుకోండి. అమ్రాబాద్ అడవిలో చెంచు పెంటలున్నయి. ఆ చెంచులు ఓటేసే అచ్చంపేట ఎస్సీ రిజర్వుడు సీటు. అంటే అక్కడ చెంచు మనిషి ఎమ్మెల్యేగా నిలబడే దారి లేనట్టే. 2019లో యురేనియం తవ్వకం మాట వచ్చినప్పుడు జనం తిరగబడ్డరు, పట్నంలో సినిమావాళ్లు కూడా నల్లమలను కాపాడాలని రాసిన్రు. సెప్టెంబర్‌లో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మంచిదే. కానీ ఆ రోజుల్లో పేపర్లో వచ్చిన వ్యాసాల్లో చెంచు యువకుడో, చెంచు ఆడబిడ్డో సొంత పేరుతో రాసినవి ఎన్ని కనబడ్డయి? మనకు సీటు లేని చోట కలమన్నా ఉండాలె గదా. నల్గొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు యురేనియం ముచ్చట 2003 బహిరంగ విచారణ నాటిది. తీర్మానం రాసిన కాయితం పాతబడుతది. భూమిలో ఖనిజం మాత్రం అక్కడే ఉంటది, దాన్ని అడిగేటోళ్లు మళ్లీ వస్తరు.

నా సొంత ముచ్చట ఒకటి చెప్పి ముగిస్త. చాలా ఏండ్ల కింద మా ఊరోళ్లం పోడు దరఖాస్తులు తీసుకొని ఒక ఆఫీసుకు పోయినం. మా క్లెయిములు తిరస్కరించిన్రు. ఎందుకో కాయితం ఇయ్యలేదు. మేం కూడా అడగలేదు. బయట చెట్టు కింద కూసున్న పైరవీకారు ఇంటికి ఐదు వందలు తీసుకొని ఏదో రాసిచ్చిండు. ఏం జరగలేదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తెలపాలని, అరవై రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చని చట్టం నియమాల్లోనే ఉన్నదని నాకు తెలిసేసరికి ఆ అరవై రోజులు దాటిపోయినయి. ఆ పైరవీకారు మీద నాకు కోపం లేదు. మాలో ఒక్కడు ఆ నియమాలు చదివి ఉంటే ఆయన అక్కడ కూసునేటోడే కాదు. మనకు తెలివి లేని చోటనే పైరవీకి గిరాకీ.

అందుకని మిమ్మల్ని పెద్ద పనులు అడగను. మీ ఊర్లో ఎన్ని క్లెయిములు పెట్టిన్రు, ఎన్ని వచ్చినయి, ఎన్ని కొట్టేసిన్రు, ఏ కారణం చెప్పిన్రు, ఇది ఒక నోటుబుక్కులో రాయండి. రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, రశీదు జాగ్రత్త పెట్టండి. మీ గ్రామసభ తీర్మానం నకలు మీ ఇంట్లో ఉంచండి. మీ ఎమ్మెల్యే సలహా మండలిలో సభ్యుడైతే, పోయిన సమావేశంలో ఏం అడిగిండో అడగండి. నెలకు ఒక వ్యాసం రాయండి. నాలుగు వందల మాటలు చాలు. మీ పేరు, మీ ఊరు పెట్టి రాయండి. తెలుగు తప్పులుంటే దిద్దుకుందాం. కోయ మాట, గోండి మాట కలిస్తే కలవనియ్యండి. రేపు మీలో ఎవరన్నా ఎమ్మెల్యే అయితే, దిగినంక కూడా ఈ పని విడువొద్దు.

మళ్లీ 1951కే పోతున్న. ఆ నలభై కుటుంబాలు ఏదో ఒకటి ఇప్పించండి సారూ అనలేదు. ఎనభై ఎకరాలు అన్నరు, తరి ఎంత, ఖుష్కి ఎంత చెప్పిన్రు. లెక్కతో అడిగిన్రు, నలుగురి ముందు అడిగిన్రు. తర్వాత 1965లో భూదాన చట్టం వచ్చింది. చట్టం వచ్చినంక కూడా ఎన్నో చోట్ల భూదాన భూములు చేతులు మారినయి, తగాదాల్లో పడ్డయి. కాబట్టి లెక్కతో అడగడం ఒక పని, వచ్చినదాన్ని కావలి కాయడం ఇంకో పని. మొదటిది ఈ ఊరు నేర్పింది. రెండోది మనం నేర్చుకోవాలె.

మధ్యాహ్నం తరగతిలో అటవీ హక్కుల నియమాలు చదువుకుందాం. అందరూ నోటుబుక్కు తెచ్చుకోండి.

జల్, జంగల్, జమీన్! జై ఆదివాసీ!